బల్లే కంప్యూటరైతే టీ గ్లాసు ఎక్కడ పెట్టాలి?

2007 మే 30న అమెరికాలోని కార్ల్స్‌బాడ్‌లో జరిగిన ఒక సదస్సులో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ ఒక బల్లను ప్రపంచానికి పరిచయం చేశారు. చూడ్డానికి అది ముందు గదిలో వేసుకునే టీపాయ్ లాంటిదే. పైభాగం మొత్తం 30 అంగుళాల తెర. కీబోర్డు లేదు, మౌస్ లేదు. ఫోటోలను వేలితో లాగితే జరిగాయి, రెండు వేళ్లతో సాగదీస్తే పెద్దవయ్యాయి. డిజిటల్ కెమెరాను దాని మీద పెడితే అందులోని ఫోటోలు పేకముక్కల్లా బల్లంతా పరుచుకున్నాయి. ఒకే సమయంలో నలుగురు నాలుగు వైపుల నుంచి చేతులు పెట్టవచ్చు. దాని పేరు ‘సర్‌ఫేస్’. ధర 5 వేల నుంచి 10 వేల డాలర్ల మధ్య ఉంటుందన్నారు. అప్పటి మారకం ప్రకారం మన లెక్కలో రెండు నుంచి నాలుగు లక్షల రూపాయలు.

చూసినవాళ్లు మొదట నోరెళ్లబెట్టారు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టారు. దీని ముందు కూర్చుంటే మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి? టీ ఒలికితే? ఎండ పడే గదిలో పనిచేస్తుందా? ఎదురుగా కూర్చున్నవాడికి అక్షరాలు తలకిందులుగా కనిపించవా? ఇంతా చేసి, దీంతో చేసే పని ఏమిటి? కొన్ని వారాల్లోనే ఆ కంపెనీ ప్రచార వీడియోకు ఎవరో వెటకారపు వ్యాఖ్యానం తగిలించి ఇంటర్నెట్‌లో పెడితే, అసలు వీడియోతో పోటీగా అదీ తిరిగింది.

కొత్త వస్తువును జనం ఎగతాళి చేస్తే దాన్ని అవగాహన లేకపోవడం కింద జమ కట్టడం సాంకేతిక రంగంలో అలవాటు. ఈ బల్ల విషయంలో మాత్రం ఆ లెక్క తప్పింది. జనం అడిగినవి అమాయకపు ప్రశ్నల్లా కనిపించినా, ఒక్కొక్కటీ నేరుగా భౌతికశాస్త్రంలోకి దారితీసేదే.

మోకాళ్ల ప్రశ్న, కాంతి జవాబు

ముందు మోకాళ్ల సంగతి. సర్‌ఫేస్ తెర లోపల స్పర్శను పట్టుకునే తీగలు గానీ పొరలు గానీ లేవు. బల్ల అడుగున ఒక ప్రొజెక్టర్ ఉండేది. అది బొమ్మను కింది నుంచి పైనున్న తెర మీదకు వేసేది. పక్కనే ఎల్‌ఈడీలు 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతిని పైకి చిమ్మేవి. మన కంటికి అది కనిపించదు. తెర మీద వేలు ఆనితే ఆ కాంతి వేలికి తగిలి వెనక్కి వచ్చేది. అడుగునున్న అయిదు కెమెరాలు దాన్ని చూసి, వెలుగు చుక్క ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పేవి. అంటే ఆ బల్లకు స్పర్శ తెలియదు, చూపు మాత్రమే ఉంది.

ప్రొజెక్టర్ బొమ్మ 30 అంగుళాలకు విచ్చుకోవాలంటే కొంత దూరం కావాలి. కెమెరాకు తెర మొత్తం కనిపించాలన్నా దూరం కావాలి. ఆ దూరమంతా బల్ల కిందే ఉండాలి. అందుకే సర్‌ఫేస్‌కు కాళ్లు లేవు, కింద మూసిన పెట్టె ఉంది. సుమారు 90 కిలోల బరువు. మోకాళ్లు పట్టకపోవడానికి కారణం కటకాలకు, దర్పణాలకు కావలసిన చోటు తప్ప వడ్రంగి లోపం కాదు.

ఎండ ప్రశ్న ఇంకా సూటిది. సూర్యకాంతిలో పరారుణ కిరణాలు దండిగా ఉంటాయి. పాతకాలపు ఫిలమెంట్ బల్బు కూడా తన శక్తిలో ఎక్కువ భాగాన్ని ఆ రూపంలోనే వదులుతుంది. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడితే కెమెరాలకు కళ్లు చెదిరినట్టే. వేలి నుంచి వచ్చే చిన్న వెలుగు ఆ వెల్లువలో కలిసిపోతుంది. ఇలాంటి బల్లలను పెట్టే చోట గది వెలుతురును కూడా అదుపులో ఉంచుకోవాల్సి వచ్చేది.

టీ గ్లాసు విషయంలో మాత్రం చూపుకు ఒక లాభం ఉంది. గ్లాసు అడుగు కూడా కాంతిని వెనక్కి పంపుతుంది గనుక బల్లకు గ్లాసు కనిపిస్తుంది. గ్లాసు అడుగున చుక్కలతో అచ్చేసిన చిన్న బిళ్ల అంటిస్తే, అది ఏ గ్లాసో కూడా బల్ల గుర్తుపట్టగలదు. అలాంటి ఒక రకం బిళ్లలతో 256 వస్తువులను వేరువేరుగా గుర్తించవచ్చు. హోటళ్ల కోసం చూపించిన ప్రదర్శనల్లో కొన్ని ఈ కిటుకు మీద ఆధారపడ్డవే. కెమెరా పెట్టగానే ఫోటోలు వచ్చిన మాయ వెనుక కూడా ఇదే గుర్తింపు ఉంది. ఫోటోలు గాజులోంచి దూరి రాలేదు, వైర్‌లెస్‌లో వచ్చాయి. ప్రచార వీడియో ఆ ముక్క పెద్దగా చెప్పలేదు.

అంతకు ఏడాది ముందే, 2006 ఫిబ్రవరిలో, న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జెఫ్ హాన్ టెడ్ వేదిక మీద మరో పద్ధతిలో పనిచేసే తెరను చూపించి సభను ఉర్రూతలూగించారు. ఆయన పరారుణ కాంతిని కింది నుంచి కాక, యాక్రిలిక్ పలక అంచులోంచి పంపారు. యాక్రిలిక్ వక్రీభవన గుణకం సుమారు 1.49. దాని ప్రకారం సందిగ్ధ కోణం 42 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతకంటే ఎక్కువ కోణంతో పలక ఉపరితలాన్ని తాకిన కాంతి బయటికి రాలేదు, లోపలే పరావర్తనం చెందుతూ పోతుంది. ఇంటర్మీడియట్‌లో చదివే సంపూర్ణాంతర పరావర్తనం ఇదే. వేలు గట్టిగా ఆనిన చోట గాలికి బదులు చర్మం వస్తుంది గనుక కాంతి అక్కడ తప్పించుకుని వేలికి తగిలి కిందికి చెదురుతుంది. కెమెరా దాన్ని పట్టుకుంటుంది. తడి ఆరిన గట్టి వేలు యాక్రిలిక్‌కు సరిగా అతుక్కోదు. అప్పుడు చుక్క మసకబారుతుంది. ఈ ఇబ్బంది తీర్చడానికి పలక మీద మెత్తని సిలికోన్ పొర వేయడం తర్వాత మామూలైంది. ఈ ఎండిన వేలి కథ మళ్లీ వస్తుంది.

ఫోన్ పట్టుకున్న దారి

అదే 2007లో, జనవరిలో ప్రకటించి జూన్ 29న అమ్మకానికి పెట్టిన ఐఫోన్ ఇంకో దారి తొక్కింది. వేలితో కెపాసిటర్‌ను ప్రభావితం చేసే ఆలోచన అప్పటికే పాతది. బ్రిటన్‌లోని మాల్వెర్న్ రాడార్ పరిశోధనా కేంద్రంలో ఇ.ఎ. జాన్సన్ 1965లోనే విమాన రాకపోకల నియంత్రణ కోసం అలాంటి తెరను వివరించారు. ఇప్పటి ఫోన్లలో గాజు కింద పారదర్శకంగా ఉండే ఇండియం టిన్ ఆక్సైడ్ వంటి వాహక పదార్థపు గీతలు అడ్డంగా, నిలువుగా ఉంటాయి. గీతలు ఒకదాన్నొకటి దాటే ప్రతిచోటా ఒక చిన్న కెపాసిటర్ ఏర్పడుతుంది. ఒంట్లో ఉప్పునీరు ఉన్నందువల్ల మనిషి ఒక వాహకం. వేలు దగ్గరికి రాగానే అక్కడి విద్యుత్ క్షేత్రంలో కొంత భాగం వేలివైపు మళ్లుతుంది, కెపాసిటీ కాస్త తగ్గుతుంది. ఆ కాస్త తేడానే చిప్ కొలుస్తుంది.

ఈ పద్ధతికి లోతు అక్కర్లేదు, కెమెరా అక్కర్లేదు. ఎండ దాన్ని కంగారుపెట్టదు. పొడి గాజు గ్లాసు దాని మీద పెట్టినా దాదాపు పట్టించుకోదు. ఒలికిన టీ మాత్రం వాహకమే, దానికి తడబడుతుంది. కొద్ది మిల్లీమీటర్లలో పని ముగిసే ఈ పద్ధతి జేబులో చేరింది. కింద పెట్టె కావలసిన పద్ధతి చేరలేకపోయింది.

చీర పరిచిన బల్ల

నలుగురు చుట్టూ చేరి, ఒకే వస్తువు మీద చేతులు వేసి మాట్లాడుకునే బల్లను చూడాలంటే లాస్‌వేగస్ హోటళ్ల దాకా వెళ్లనక్కర్లేదు. సూరత్ బట్టల మార్కెట్ చాలు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు ఆ నగరంలో తరాలుగా స్థిరపడ్డాయి. నగర కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపేటంత సంఖ్యలో తెలుగువారున్నారు. లింబాయత్, పర్వత్ పాటియా వంటి పేటల్లో తెలుగు వినపడటం వింత కాదు. బట్ట చూపించే చోట అమ్మేవారు ఒకవైపు, కొనేవారు మరోవైపు కూర్చుంటారు. చీర మధ్యలో పరుచుకుంటుంది. అంచు ఒకరు పట్టుకుంటారు, కొంగు ఇంకొకరు తడుముతారు. టచ్ బల్లను ఊహించినవారి మనసులో ఉన్న దృశ్యం దాదాపు ఇదే.

ఆ పరుపు స్థానంలో టచ్ బల్ల పెట్టారనుకుందాం. చీర రకాలన్నీ తెర మీద, అసలు చీర దాని పైన. కెమెరాలతో చూసే బల్లకు చీర మొత్తం ఒక పెద్ద వెలుగు మరకలా కనిపిస్తుంది. దాని మీద పెట్టిన వేలు కనిపించదు. ఫోన్ రకం బల్ల ఇంకోలా ప్రవర్తిస్తుంది. పాలిస్టర్ విద్యుత్ బంధకం కాబట్టి విద్యుత్ క్షేత్రం దాన్ని దాటుకుని పోగలదు. ఒక్క పొర పలుచని పాలిస్టర్ చీరను ఫోన్ మీద బిగించి పరిచి పైనుంచి వేలు జరిపితే చాలాసార్లు తెర కదులుతుంది. ఎవరైనా ఇంట్లో చేసి చూడవచ్చు. మడతలు పెరిగేకొద్దీ స్పందన తగ్గిపోతుంది, దూరం పెరుగుతుంది గనుక.

అసలు తమాషా జరీ దగ్గర. సూరత్ జరీకి పేరున్న ఊరు. అసలు జరీ అంటే వెండి లేదా రాగి తీగను చదునుగా సాగదీసి దారం చుట్టూ చుట్టి, పైన పూత పూసినది. అది మంచి వాహకం. ఫోన్ రకం బల్ల మీద అలాంటి జరీ అంచును ఒకచోట వేలితో తాకితే, ఆ దారం పొడవునా మనిషి ఒళ్లు పరుచుకున్నట్టే లెక్క. వేలు లేని చోట కూడా బల్ల స్పర్శ నమోదు చేసే అవకాశం ఉంది. ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం పూసి చేసే చవక జరీ తీరు వేరు, దాని పై పూత వేలిని లోహానికి నేరుగా తగలనివ్వదు. ఈ గుణాన్నే మేలుగా మలచుకోవచ్చని 2015లో గూగుల్ ప్రకటించిన ‘జకార్డ్’ పథకం చూపించింది. వాహక దారాన్ని బట్టలోనే నేసి, బట్టనే టచ్ ప్యాడ్‌గా మార్చారు. దానికి మగ్గం పేరు పెట్టడం నేత తెలిసినవారికి నచ్చే సంగతి.

సూరత్ కార్మికులకు టచ్ తెర ఇంకో రూపంలో కూడా పరిచయం. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రాల మీద, కర్మాగారాల్లోని చాలా నియంత్రణ పలకల మీద ఉండేది రెసిస్టివ్ తెర. రెండు వాహక పొరల మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. నొక్కితే అవి కలుస్తాయి. వేలైనా, తొడుగు వేసుకున్న చేయైనా, పెన్ను మూతైనా దానికి ఒకటే. నూనె చేతులకు, దూది రేణువులకు అది తట్టుకుంటుంది. ఫోన్ తెరలా నున్నగా జారదని చాలామంది దాన్ని పాతకాలపు వస్తువుగా చూస్తారు. పనిచేసే చేతులకు అది చేసే ఉపకారం తక్కువేమీ కాదు.

ఇక్కడే ఎండిన వేలు మళ్లీ వస్తుంది. ఏళ్ల తరబడి దారం, యంత్రం, రసాయనాలతో పనిచేసిన వేళ్ల చివర చర్మం మందంగా, పొడిగా మారుతుంది. మందమైన పొడి చర్మం విద్యుత్తుకు అదనపు అడ్డు. ఫోన్ తెర అలాంటి వేలిని ఒక్కోసారి గుర్తించదు. వేలిముద్ర యంత్రాల ముందు చేతిపనివారు, కూలీలు పదేపదే వేలు పెట్టాల్సిరావడం కూడా అరిగిన చర్మం వల్లే. యంత్రం స్పందించకపోతే చాలామంది తమకే చేతకాదనుకుని వెనక్కి తగ్గుతారు.

జనం నిజంగా ఏం చేశారు

సర్‌ఫేస్ 2008 ఏప్రిల్‌లో అమెరికాలోని ఏటీ అండ్ టీ ఫోన్ దుకాణాల్లో అడుగుపెట్టింది, తర్వాత కొన్ని హోటళ్లకు చేరింది. ఆ కాలంలోనే పరిశోధకులు ప్రయోగశాల దాటి, జనం తిరిగే చోట్ల పెద్ద టచ్ తెరలను గమనించడం మొదలుపెట్టారు. హెల్సింకి నగరం నడిబొడ్డున పెట్టిన గోడ తెర దగ్గర 8 రోజుల్లో 1,199 మంది వాడకాన్ని పరిశీలించారు. జనం ముందువారిని చూసి నేర్చుకున్నారు. పక్కవారి బొమ్మ పొరపాటున పెద్దదై తమ బొమ్మను కప్పేస్తే చిన్న గొడవలు, నవ్వులు, క్షమాపణలు జరిగాయి. కెనడాలోని వాంకూవర్ అక్వేరియంలో టచ్ బల్లలను గమనించినప్పుడు పిల్లలు రెండు చేతులూ వాడితే పెద్దలు ఎక్కువగా ఒక్క వేలితో జాగ్రత్తగా తాకడం కనిపించింది.

బ్రిటన్‌లోని ఒక పర్యాటక సమాచార కేంద్రంలో తేలిన సంగతి ఇంకా ఆసక్తికరం. నలుగురు కలిసి వచ్చి చుట్టూ కూర్చుంటారని ప్రయోగశాలలో అనుకున్నారు. నిజంలో కుటుంబంలో ఒకరు ముందు వచ్చారు, ఇంకొకరు కాసేపటికి చేరారు, అప్పటికి మొదటివారు వెళ్లిపోయారు. బల్ల చుట్టూ కూడడానికి మనుషులకు ముందుగా ఏదో పని ఉండాలి. బట్టల దుకాణంలో ఆ పని చీర. తెర మీద ఫోటోలు జరపడం అంతటి పని కాలేకపోయింది.

శామ్‌సంగ్‌తో కలిసి చేసిన రెండో తరం బల్లను 2011 జనవరిలో చూపించారు. 40 అంగుళాల తెర, దళసరి దాదాపు 10 సెంటీమీటర్లే. కెమెరాల బదులు పరారుణ సెన్సర్లను తెరలోని పిక్సెళ్లలోకే చేర్చారు. మోకాళ్ల ప్రశ్నకు అలా నాలుగేళ్లకు జవాబు దొరికింది. చుట్టుపక్కల వెలుతురుతో ఇబ్బంది మాత్రం దానికీ తప్పలేదు. 2012 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ‘సర్‌ఫేస్’ అనే పేరును కొత్త టాబ్లెట్‌కు ఇచ్చి, బల్లను ‘పిక్సెల్‌సెన్స్’గా మార్చింది.

ఇప్పుడు మ్యూజియాల్లో, బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో పెట్టే టచ్ తెరల్లో ఎక్కువ భాగం ఫోన్ రకానివే. వాటి నియంత్రణ చిప్‌లో ఎంత తేడాను స్పర్శగా లెక్కించాలో మార్చుకునే వీలుంటుంది. తొడుగులు వేసుకున్న చేతుల కోసం కొన్ని ఫోన్లలో ఉండే అమరిక చేసే పని అదే. చలి దేశాల్లో చేతి తొడుగులతో ఫోన్ వాడేవారికి ఆ అమరిక పనికొస్తుంది. మగ్గం పనివారి వేలి కోసం దాన్ని సరిచేయడానికి కొత్త పరికరం కనిపెట్టనక్కర్లేదు. తెరను బిగించే ముందు అలాంటి పదిమందిని పిలిచి తాకించి, అంకె మారిస్తే సరిపోతుంది.