రైలు ఫొటోలకు వెళ్తూ సంచిలో ఏం పెట్టుకోవాలి?

లెన్సుల నాభ్యంతరం గురించి, షట్టరు వేగం గురించి కిందటి పాఠంలో తెలుసుకున్నారు. ఇప్పుడు ఆ జ్ఞానంతో ఒక సంచి సర్దుదాం. మీరు తమిళనాడులోని నీలగిరి కొండ రైలును ఫొటో తీయడానికి వెళ్తున్నారనుకోండి. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్ల మీటరు గేజి మార్గమిది. కూనూరు వరకు 1899లో, ఊటీ వరకు 1908లో పూర్తయింది. మేట్టుపాళయం నుంచి ఎక్కే రోజువారీ బండి సాధారణంగా ఒక్కటే. అది తప్పితే మరునాటి దాకా ఆగాలి.

లెన్సు ఎంచుకునే ముందు బండి నడక చూడండి. కల్లార్-కూనూరు మధ్య వాలు చాలా ఎక్కువ. సుమారు 12 మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరిగే చోట్లున్నాయి. అందుకే పట్టాల నడుమ పళ్ళ కమ్మీ అమర్చారు. అక్కడ ఆవిరి ఇంజను ముందుండి లాగదు, వెనక నుంచి నెడుతుంది. అంటే మీకు ఎదురుగా వచ్చేది పెట్టె. ఇంజను, పొగ ఆ వెనక ఉంటాయి. పెద్ద టెలిఫొటో లెన్సు ఒక్కటే తెచ్చుకున్నవారికి, బండి దగ్గరకు వచ్చాక, ఇంజను ఫ్రేములో పట్టదు. 28-105 మి.మీ. వంటి జూమ్ లెన్సు ఒకటి చాలు. పొగలో లెన్సు మార్చితే మసి కెమెరాలోకి చేరుతుంది.

ఇక వేగం. ఈ ఎక్కుడులో బండి గంటకు సుమారు 13 కి.మీ. నడుస్తుంది. అంటే సెకనుకు 3.6 మీటర్లు. షట్టరు 1/250 సెకను తెరిస్తే బండి కదిలేది సుమారు 1.4 సెం.మీ. మాత్రమే. గంటకు 110 కి.మీ. పోయే ఎక్స్‌ప్రెస్ అదే సమయంలో 12 సెం.మీ. కదులుతుంది. కాబట్టి మామూలు పగటి వెలుతురులో వెడల్పు ద్వారం ఉన్న ఖరీదైన లెన్సు ఇక్కడ అవసరం లేదు. ట్రైపాడ్ కూడా ఇంట్లోనే ఉంచండి. ఇరుకు పెట్టెలో అది తోటి ప్రయాణికుల మోకాళ్ళకే తగులుతుంది!

అదనపు బ్యాటరీ, మెమరీ కార్డు, మెత్తటి నూలు గుడ్డ, మంచుకూ వానకూ ఒక ప్లాస్టిక్ సంచి తప్పనిసరి. ఏసీ గది నుంచి బయటికి రాగానే కెమెరా తీయకండి. చల్లని లెన్సుపై తేమ పేరుకుంటుంది. కాసేపు సంచిలోనే ఉంచండి. తినుబండారాలు మాత్రం అందులో వద్దు. హిల్‌గ్రోవ్ స్టేషనులో కోతులుంటాయి.

ఫొటో కోసం పట్టాలపైకి దిగకండి, కిటికీలోంచి వంగకండి. పట్టాలపైకి అనుమతి లేకుండా వెళ్ళడం 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం. ప్లాట్‌ఫారం నుంచి, రోడ్డు పక్క నుంచి తీయండి.

లెక్క చేయండి: గంటకు 30 కి.మీ. వేగంతో పోయే బండి 1/500 సెకనులో ఎంత దూరం కదులుతుంది?