బుడ్డగింజలో వెయ్యో వంతు

మా కర్నూలు పక్క బుడ్డలంటారు, కడప పక్క శెనక్కాయలంటారు. పేరేదైనా సీమోళ్లకు అదే పంట, అదే తిండి, అదే అప్పు. పొద్దున చట్నీలో బుడ్డలే, రొట్టెలోకి ఊరిబిండి చేస్తే బుడ్డలే, వంకాయ కూరలో పొడి కూడా బుడ్డలదే. ఇట్లాంటి చోట ఒక బిడ్డకు బుడ్డలు పడవంటే ఎవరు నమ్ముతారు? మేమూ నమ్మలేదు.

మూడేండ్ల కింద మా తమ్ముని కూతురు బడిలో ఇచ్చిన చిక్కీ సగం తినింది. పది నిమిషాల్లో పెదాలు వాచినాయి, ఒళ్లంతా దద్దుర్లు లేసినాయి, గొంతు బొంగురుపోయి ఊపిరాడక కొట్టుకుంది. ఆటోలో ఎత్తుకోని పోయినాం. మొదట పోయిన చోట "వేడి చేసింది" అని ఏదో సూది వేసి పంపినారు. గంటకు మళ్లీ మొదలైంది. రెండోచోట డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ చూడంగానే తొడకు అడ్రినలిన్ సూది వేసింది. బిడ్డ తేరుకుంది. కొన్ని పదుల రూపాయల మందు అది. మొదటి చోట లేదా, ఉండీ వేయలేదా, ఇప్పటికీ మాకు తెలీదు.

అప్పటినుంచి ఎలర్జీ గురించి దొరికిందల్లా చదువుకుంటా ఉన్నా. నేను డాక్టర్ను కాదు. అర్థం చేసుకున్నంత వరకు చెబుతా.

ఎలర్జీ అంటే ఒళ్లు బలహీనంగా ఉండడం కాదు. మిత్రున్ని చూసి శత్రువనుకోవడం. బుడ్డలోని ప్రొటీన్‌ను ఒకసారి శత్రువుగా రాసిపెట్టుకుంటే, దాన్ని పట్టుకునే ఐజీఈ అనే కాపలాదార్లు రక్తంలో తయారవుతాయి. మళ్లీ ఆ ప్రొటీన్ కనపడితే చాలు, హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా బయటపడతాయి. వాపు, దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం అన్నీ దాని పనే.

రాసిపెట్టుకున్న తప్పును దిద్దొచ్చా? 1911లో ఇంగ్లండులో లెనార్డ్ నూన్ అనే డాక్టరు గడ్డి పుప్పొడి రసాన్ని కొంచెం కొంచెంగా చర్మం కింద సూదితో ఎక్కించి చూసినాడు. ఒళ్లు మెల్లగా అలవాటుపడింది. ఇప్పుడు పెద్ద ఊర్లలో పుప్పొడికి, ఇంటి దుమ్ముకు ఇచ్చే ఎలర్జీ సూదులు ఆ వరసవే. కానీ బుడ్డల ఎలర్జీకి అదే సూది వాడితే ప్రమాదకరమైన రియాక్షన్లు వచ్చినాయి. దాన్ని పక్కన పెట్టినారు. తర్వాత నోటిదారి పట్టినారు. బుడ్డల పొడిని కొలత ప్రకారం పెంచుకుంటా తినిపించే మందుకు 2020 జనవరిలో అమెరికా అనుమతి ఇచ్చింది. పనిచేస్తుంది గానీ, తినేటప్పుడే రియాక్షన్ వచ్చే భయం ఉంటుంది.

మూడో దారి చర్మం. మన చర్మం పైపొరలో రక్తనాళాలు ఉండవు. కానీ లాంగర్‌హాన్స్ కణాలని కాపలా కణాలు ఉంటాయి. అవి బయటి వస్తువు ముక్కను పట్టుకోని లింఫ్ గ్రంథుల కాడికి మోసుకుపోయి చూపిస్తాయి. సరుకు నేరుగా రక్తంలోకి దూకదు కాబట్టి ఒళ్లంతా తిరగబడే అవకాశం తక్కువ. రోజూ అతి కొంచెం చూపిస్తా పోతే, "ఇది శత్రువు కాదులే" అని సర్దిచెప్పే కణాలు పెరుగుతాయి. ఇదీ లెక్క.

ఫ్రాన్సులో డీబీవీ అనే కంపెనీ దీనికోసం వయాస్కిన్ అనే పట్టీ తయారుచేసింది. అందులో ఉండే బుడ్డల ప్రొటీన్ 250 మైక్రోగ్రాములు. ఒక గింజను వెయ్యి భాగాలు చేస్తే సుమారుగా ఒక భాగం. పొడిగా ఉండే ఆ ప్రొటీన్, పట్టీ కింద చేరే చర్మపు తేమకే కరిగి లోపలికి ఇంకుతుంది. రోజుకొక పట్టీ వీపుకు అంటించాల. ఒకటి నుంచి మూడేండ్ల పిల్లలు 362 మంది మీద ఏడాదిపాటు చేసిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చినాయి. మందు పట్టీ వేసినోళ్లలో 67 శాతం మందికి, ఉత్త పట్టీ వేసినోళ్లలో 33.5 శాతం మందికి తట్టుకునే శక్తి అనుకున్నంత పెరిగింది. అంటే ఒక గింజకో మూడు నాలుగు గింజలకో తట్టుకోగలిగినారు. పొరపాటున నోట్లో పడితే ప్రాణం మీదికి రాకుండా కాసుకునేదానికే ఇది, పిడికెడు బుడ్డలు తినేదానికి కాదు. పట్టీ వేసిన చోట దురద, ఎర్రదనం బాగా సాధారణం. తీవ్రమైన రియాక్షన్లు కూడా అసలు లేకపోలేదు.

ఇంకొక చిక్కుంది. 2020 ఆగస్టులో అమెరికా ఔషధ సంస్థ ఈ మందును తిప్పి పంపింది. ఒక ముఖ్య కారణం ఏందంటే, పట్టీ సరిగ్గా అంటుకోని ఉంటుందా అనే అనుమానం. కంపెనీ పట్టీని మార్చి మళ్లీ పరీక్షలకు దిగింది. ఇది చదివి నాకు నవ్వొచ్చింది, బాధా అయింది. అక్కడే ఊడిపోతుందని భయపడితే, కర్నూలు మే నెల ఎండలో, చెమట కారే బిడ్డ వీపు మీద ఎంతసేపు నిలుస్తుంది?

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది చదివి ఎవరూ బుడ్డలపొడి గుడ్డకు రాసి బిడ్డకు అంటించొద్దు. చర్మం రెండు పక్కలా తెరుచుకునే తలుపు. బాగున్న చర్మం మీద, కొలిచిన మోతాదు మందు. పగిలి, గజ్జి తామరతో పొక్కిన చర్మం మీద అదే బుడ్డ పడితే ఎలర్జీ పుట్టొచ్చు. అట్లాంటి చర్మానికి బుడ్డల నూనె కలిసిన క్రీములు పూసిన పిల్లల్లో ఈ ఎలర్జీ ఎక్కువని ఇంగ్లండులో 2003లోనే తేలింది. అదే బుడ్డ పసితనంలో నోటిద్వారా పోతే కాపాడుతుంది. లండన్‌లో జరిగి, 2015లో ఫలితాలు వచ్చిన లీప్ పరీక్షలో, ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న 640 మంది పసిపిల్లల్ని చూసినారు. బుడ్డలు దూరం పెట్టినోళ్లలో ఐదేండ్లకు 17.2 శాతం మందికి, చిన్నప్పటినుంచి తినిపించినోళ్లలో 3.2 శాతం మందికే ఎలర్జీ వచ్చింది. చిన్నప్పుడే బుడ్డలు మెత్తగా నూరి బువ్వలో కలిపే మన అవ్వల పద్ధతిలో అర్థముందనిపిస్తుంది. గింజ మాత్రం గొంతులో ఇరుక్కుంటుంది, పసోళ్లకు పెట్టొద్దు. గజ్జి బాగా ఉన్న బిడ్డకు, ఒకసారి రియాక్షన్ వచ్చిన బిడ్డకు డాక్టర్ను అడగకుండా బుడ్డలు మొదలుపెట్టొద్దు.

మన దేశంలో తిండి ఎలర్జీ తక్కువనే మాట నిజమే. పక్కన కర్ణాటకలో చేసిన సర్వేలోనూ తక్కువే తేలింది. కానీ తక్కువంటే లేదని కాదు. 2020 జనవరి నుంచి మన బళ్లలో మధ్యాహ్న భోజనంతో చిక్కీ ఇస్తా ఉన్నారు. నేను చిక్కీకి వ్యతిరేకం కాదు. రక్తం తక్కువున్న పిల్లలకు అది కావాల్సిందే. చిక్కీ పడని ఒక్క బిడ్డ సంగతి కూడా బడికి తెలిసుండాలంటున్నా.

ఫ్రాన్సు పట్టీ మన పెద్దాసుపత్రికి ఎప్పుడొస్తుందో ఎదురు చూడమని నేను చెప్పను. ఈలోగా చేయగలిగినవి నాలుగున్నాయి. ప్రతి పీహెచ్‌సీలో అడ్రినలిన్ ఉండాల, అది అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే. తొడకు వెంటనే వేసే ధైర్యం అక్కడ డ్యూటీలో ఉన్నోళ్లకు నేర్పాల. బడిలో చేర్చుకునేటప్పుడు "నీ బిడ్డకు ఏది పడదు?" అని ఒక్క ప్రశ్న అడిగి రాసుకోవాల, ఆ బిడ్డకు చిక్కీ బదులు ఇంకోటి పెట్టాల. మా సీమ పెద్దాసుపత్రుల్లో వారానికి ఒకరోజైనా ఎలర్జీ ఓపీ నడవాల.

మా పాపకు ఇప్పుడు తొమ్మిదేండ్లు. బడిలో చిక్కీ పంచేటప్పుడు తనే లేసి పక్క బెంచీలో కూర్చుంటుంది. పంతులమ్మ అడిగితే "నాకు పడదు టీచర్" అంటుంది. వాళ్ల నాయన ఈసారి కూడా బుడ్డలే ఇత్తినాడు.