నివాసమునందు వివక్ష : ప్రభుత్వ ప్రయత్నములు, వాని మేరలు

పుట్టిన చోటు విడిచి పరాయి యూర కాపురము పెట్టబోవు కుటుంబమునకు మొదటి పరీక్ష అద్దె యింటి గుమ్మమున ఎదురగును. "మీరెవరు?" అని ఇంటివారడుగు ప్రశ్న చిన్నది. కాని అందు కులమేది, మతమేది, భాషయేది అను మూడు ప్రశ్నలు దాగియుండును. సమాధానము నచ్చనిచో "ఇల్లు నిన్ననే ఇచ్చివేసితిమి" అను మాట వినవచ్చును. మరునాడు కూడ ఆ గుమ్మమున "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అను పలక వ్రేలాడుచునే యుండును.

తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఈ ప్రశ్నతో రెండు విధముల సంబంధము కలదు. వారిలో ఈ ప్రశ్నకు గురియైనవారును కలరు. ప్రశ్న వేయువారును కలరు. చేనేతకును, సేద్యమునకును, వర్తకమునకును వచ్చి ఇండ్లువాకిళ్లు సంపాదించుకొన్న కుటుంబములు నేడు ఇతరులకు అద్దెకిచ్చుచున్నవి. పట్టణముల పారిశుద్ధ్యపు పనికి వచ్చి, ఊరి అంచుననే ఉండిపోయిన తెలుగు కుటుంబములును ఉన్నవి. కావున ఈ విషయమున ప్రభుత్వములు ఇంతవరకు ఏమి చేసినవో, ఏమి చేయజాలకపోయినవో తెలిసికొనుట ఇరువురకును అవసరము.

వివక్ష మూడు రూపములు

నివాస వివక్ష ముఖ్యముగా మూడు రూపములలో కానవచ్చును. ఒక వర్గమువారిని ఊరికి వెలుపల వేరుగా నుంచుట మొదటిది. ఊరిలోపల ఇల్లు అమ్ముటకో అద్దెకిచ్చుటకో నిరాకరించుట రెండవది. ఇల్లిచ్చియు హెచ్చు అద్దె, హెచ్చు బయానా, వంటపైనను వచ్చిపోవు బంధువులపైనను ఆంక్షలు విధించుట మూడవది. మొదటిది కంటికి కనబడును. రెండవది మాటలలో మరుగుపడును. మూడవది ఒప్పందమను పేర చెల్లిపోవును. ప్రభుత్వ ప్రయత్నములు మొదటిదానిపై హెచ్చుగాను, రెండవదానిపై కొంతగాను, మూడవదానిపై మిక్కిలి తక్కువగాను ప్రసరించినవి.

ఇంటిస్థలము మొదలు రాజ్యాంగము వరకు

నేటి తమిళనాడును, ఆంధ్రప్రదేశమున పెక్కు జిల్లాలును ఒకే మద్రాసు రాజధానిలో చేరియున్న కాలమున, 1920 ప్రాంతములనుండి లేబరు శాఖ నిమ్నవర్గములకు ఇంటిస్థలములు సేకరించి ఇచ్చు పని చేపట్టెను. భూస్వామి పొలము గట్టుననో అతని దయమీదనో గుడిసె వేసికొని యుండు కూలివానికి సొంత స్థలము దొరకుట గొప్ప మేలు. పని మానినంతమాత్రమున ఇల్లు పోవునన్న భయము దానితో తగ్గినది. ఇదే మార్గమున తమిళనాడు ప్రభుత్వము 1978లో హరిజన సంక్షేమ పథకములకై భూసేకరణ చట్టమును చేసెను. అయితే ఇట్టి స్థలములు సాధారణముగా పాత వాడలకు ఆనుకొనియే వెలసినవి. గుడిసె పోయి పెంకుటిల్లు వచ్చినది. వాడకును ఊరికిని గల దూరము మాత్రము పోలేదు.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసినది. 19వ అధికరణము దేశమున ఏ భాగమునందైనను నివసించుటకును, స్థిరపడుటకును పౌరులకు స్వేచ్ఛనిచ్చినది. 15వ అధికరణము మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచే రాజ్యము పౌరులయెడ వివక్ష చూపరాదన్నది. ఈ జాబితాలో భాష పేరు లేకుండుట పొరుగు రాష్ట్రముల తెలుగువారు గమనింపదగినది. ఇంకొక ముఖ్యవిషయ మేమనగా, ఈ నిషేధము రాజ్యమునకు వర్తించును. వ్యక్తుల నడుమ వివక్షను గూర్చి అదే అధికరణము అంగళ్లు, హోటళ్లు, బావులు, చెరువులు మున్నగువానిని పేర్కొన్నదేకాని, అద్దె యింటిని పేర్కొనలేదు.

ఆ లోటును కొంతవరకు 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము తీర్చెను. 1976లో చేసిన సవరణతో దీనికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మారినది. ఏ ప్రాంతమునందైనను నివాసగృహమును కట్టుకొనుటకును, సంపాదించుటకును, అందు కాపురముండుటకును అంటరానితనము కారణముగా అడ్డు కలిగించుట దీని 4వ సెక్షను ప్రకారము నేరము. శిక్ష ఒక నెలకు తగ్గక ఆరు నెలలకు మించని ఖైదును, 100 మొదలు 500 రూపాయల వరకు జుల్మానాయును. బాధితుడు షెడ్యూల్డు కులమునకు చెందినవాడైనచో, ఆ యడ్డు అంటరానితనముచేతనే కలిగించినట్లు న్యాయస్థానము భావింపవలెనని 12వ సెక్షను చెప్పుచున్నది. కాదని ఋజువు చేయవలసిన భారము నిందితునిదే. ఈ సెక్షను సంగతి తెలియక, సాక్ష్యము లేదని వెనుకకు మరలిపోవువారు కలరు.

కలిసి యుండు ఊళ్లు, వేరుచేయు గోడలు

ఇల్లు కట్టియిచ్చినను వాడ వేరుగనే మిగిలిపోయినప్పుడు, ఊరినే క్రొత్తగా నిర్మించిన నేమను ఆలోచన తమిళనాట పుట్టినది. ముఖ్యమంత్రి కరుణానిధి ప్రభుత్వము 1997లో పెరియార్ నినైవు సమత్తువపురం అను పథకమును ప్రకటించెను. సమత్తువపురమనగా సమత్వపురము. మొదటి పురము మదురై జిల్లా మేలక్కోట్టైలో 1998లో ప్రారంభమైనది. ఒక్కొక్క పురమున 100 ఇండ్లు. వానిలో 40 దళితులకు, 25 వెనుకబడిన తరగతులకు, 25 మిక్కిలి వెనుకబడిన తరగతులకు, 10 ఇతరులకు కేటాయించిరి. ఒక కులమువారి ఇండ్లు ఒకచోట గుంపుగా చేరకుండ కలిపి పంచిరి. శ్మశానము అందరికి నొక్కటే. ఇట్టి పురములు రెండు వందలకు మించి వెలసినవి. ప్రభుత్వములు మారినపుడు పథకము ఆగుటయు, మరల సాగుటయు జరిగెను. రాష్ట్రమందలి గ్రామముల సంఖ్య చూడగా ఇవి స్వల్పమే. అయినను కలిసియుండుటను నిబంధనగా పెట్టి ప్రభుత్వము ఇల్లు ఇయ్యగలదని ఇవి నిరూపించినవి.

అదే రాష్ట్రమున దీనికి ఎదురుచిత్రమును కలదు. మదురై జిల్లా ఉత్తపురమున దళితుల వాడను వేరుచేయుచు 1989లో ఒక గోడ లేచెను. 2008 మే నెలలో అధికారులు అందు కొంత భాగమును కూల్చి దారి చేసిరి. గోడ లేచుటకును దారి పడుటకును నడుమ 19 ఏండ్లు గడచినవి. కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయము చెంత నడూరున 2019 డిసెంబరు 2వ తేదీ తెల్లవారుజామున, వానకు నానిన ఎత్తైన ప్రహరీగోడ ప్రక్కనున్న పేదల యిండ్లపై కూలి 17 మంది మరణించిరి. మృతులు అరుంధతీయులు. తమిళనాట అరుంధతీయులలో ఇంట తెలుగు మాటలాడు కుటుంబములు పెక్కు కలవు. ఆ గోడ తమ్ము వేరుచేయుటకే లేచినదని దళిత సంఘము లారోపించినవి. నివాస వివక్ష మర్యాదకు సంబంధించిన చిన్న విషయమని తలచువారు ఈ 17 ప్రాణములను స్మరింపవలెను.

తలుపు లోపలి వివక్ష

గోడను అధికారులు కూల్చవచ్చును. "ఇల్లు ఇచ్చివేసితిమి" అను మాటను కూల్చుట కష్టము. సహకార గృహనిర్మాణ సంఘము తన సభ్యత్వమును ఒక మతమువారికే పరిమితము చేసికొనవచ్చునా యను ప్రశ్న అహమ్మదాబాదునందలి పారశీకుల సంఘమొకదాని విషయమున సుప్రీముకోర్టుకు పోయెను. అట్టి ఉపనిబంధన చెల్లునని 2005లో తీర్పు వచ్చినది. ఈ స్థితి మారవలెనన్నచో శాసనసభలు చట్టము చేయవలసియుండును.

అట్టి సమగ్రశాసనము నేటికిని రాలేదు. కొన్ని అడుగులు మాత్రము పడినవి. హెచ్‌.ఐ.వి. సోకినవారికి 2017 చట్టమును, ట్రాన్స్‌జెండరు వ్యక్తులకు 2019 చట్టమును ఇల్లు కొనుటలోను, అద్దెకు తీసికొనుటలోను వివక్షను స్పష్టముగా నిషేధించినవి. 2016 నాటి స్థిరాస్తి చట్టము క్రింద పలు రాష్ట్రములు చేసిన నియమములలో, ఇండ్ల కేటాయింపున ఎవరియెడను వివక్ష చూపనని నిర్మాణదారు ప్రమాణపత్ర మీయవలెను. 2021లో కేంద్రమంత్రివర్గ మామోదించిన నమూనా అద్దె చట్టము వ్రాతపూర్వకమైన ఒప్పందమును విధించి, నివాసగృహమునకు బయానా రెండు నెలల అద్దెకు మించరాదన్నది. కాని కులమతములను చూచి ఇల్లు నిరాకరింపరాదన్న మాట అందు లేదు.

ప్రజలు చేయదగినవి

చట్టము ఉన్నంతమేర దానిని వినియోగించుకొనవలెను. అంటరానితనముచే ఇల్లు నిరాకరింపబడినవారు 1955 చట్టము క్రింద పోలీసు ఠాణాలో ఫిర్యాదు వ్రాసియిచ్చి రశీదు పుచ్చుకొనవలెను. షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, స్త్రీలకును 1987 నాటి చట్టము ప్రకారము న్యాయసేవా సంస్థలు ఉచితముగా న్యాయవాదిని ఏర్పాటుచేయును. 15100 అను టెలిఫోను సంఖ్యకు తెలుపవచ్చును. అద్దె ఒప్పందమును కాగితముపై పెట్టించుకొనుట అందరికిని మేలు.

చట్టము లేనిచోట ఇంటివారి ధర్మమే చట్టము. పరభాషా ప్రాంతమున తాతముత్తాతలకు ఎవరో ఒకరు తలుపు తీసినందుననే నేటి తెలుగు కుటుంబము లక్కడ నిలిచినవి. ఆ తలుపు ఇప్పుడు వారి చేతిలో నున్నది. వచ్చినవానిని "మీరెవరు?" అని యడుగుటకు బదులు "ఎందరుందురు? ఏనాడు దిగెదరు?" అని యడుగుట ఏ ప్రభుత్వ ఉత్తరువు కొరకును వేచియుండవలసిన పనికాదు.