నలుపూ తెలుపూ కలిస్తే
(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



గొంగళి అమ్మవచ్చిన మనిషితో వాకిట్లో బేరమాడతాం గదా! కొన్ని గొంగళ్ళలో కనిపించే బూడిదరంగు ఏ రంగుపొడితో వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఏ పొడీ లేదు. నల్ల ఉన్నినీ తెల్ల ఉన్నినీ కలిపి తెచ్చిన రంగు అది. కర్నూలు జిల్లా పత్తికొండ, ఆలూరు వైపు కురుబ ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న విద్య. దోసెడు ఉన్ని దొరికితే మన ఇంట్లోనూ చేసి చూడవచ్చు.

ఉన్ని దక్కనీ గొర్రెది కావాలి. నెల్లూరు గొర్రెకు ఉండేది వెంట్రుకే, వడకడానికి పనికిరాదు. ముందు పల్లేరుకాయలూ ముళ్ళూ ఏరెయ్యండి. కుంకుడు రసం కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెల్లగా జాడించండి. రుద్దకూడదు. ఉన్నిపోగు మీద కంటికానని పొలుసులుంటాయి. తడిలో వేడీ రాపిడీ తగిలితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నంతా అట్టకట్టిపోతుంది. నీడన ఆరబెట్టండి.

ఆరాక ఏ రంగుకారంగు వేళ్ళతో విప్పి, దూదిలా చెయ్యండి. తెల్లది పల్చగా పరచి, దానిమీద నల్లది పరచండి. రెండు చేతులా పట్టి మెల్లగా లాగితే రెండుగా విడిపోతుంది. ఒకదానిమీద ఒకటి పెట్టి మళ్ళీ లాగండి. కొన్నిసార్లు లాగితే చారలు చారలుగా ఉంటుంది. ఇంకా లాగుతూ పోతే ఒకటే రంగవుతుంది. ఒక్క జాగ్రత్త: తెలుపులోకి నలుపును చిటికెడు చిటికెడుగా చేర్చండి. కూరలో కారం లాంటిదే అది, ఎక్కువైతే వెనక్కి తీయలేం.

పొట్టి ముక్కలు మిగిలితే పారేయకండి. విదేశాల్లో గాలంతో చేపలు పట్టేవాళ్ళు కుందేలు వెంట్రుకల్ని ఇట్లాగే కలిపి, మైనం రాసిన దారానికి పురిపెట్టి, గాలానికి చుట్టి పురుగులాంటి ఎర చేస్తారు. పురుగు ఒంటిమీద ఒకే రంగుండదు గదా! మనం ఆ పద్ధతిలోనే బొమ్మల కొలువుకు గొర్రెపిల్లను చేసుకోవచ్చు. పొట్టి ముక్కల్ని మూత ఉన్న సీసాలో చల్లని సబ్బునీళ్ళతో కాసేపు ఊపి, టీ వడపోసే జల్లెడలో వడగట్టి ఆరబెడితే రంగులు కలిసిపోతాయి. మైనం రాసిన దారంమీద కొంచెం కొంచెంగా పెట్టి, ఒత్తులు చేసినట్టు వేళ్ళతో ఒకేవైపు తిప్పండి. పొడుగు ఉన్నిని మాత్రం మిక్సీలో వేయకండి. బ్లేడుకు చుట్టుకుంటుంది.

దోసెడు కలిపేసరికే వేళ్ళు నొప్పెడతాయి. గొంగళికైతే కిలోల లెక్కన కలపాలి, వడకాలి, చింతగింజల గంజి పట్టించాలి, నేయాలి. ఉన్నికి ధర రాక, కత్తిరించిన చోటే వదిలేసి పోయే కాపరులున్నారు. ఉన్ని లేని మాంసపు గొర్రెలకు మారినవాళ్ళూ ఉన్నారు. గొర్రె మారితే ఈ విద్యా పోతుంది.

ఈసారి గొంగళి వాకిట్లోకి వస్తే మిల్లు రగ్గు ధరతో పోల్చకండి. ముందు చేత్తో తడిమి చూడండి. తరువాత బేరమాడండి.