ఆయిలింజను ఒకచోట కాలుతూ, ఒకచోట చల్లగా ఉందా? విప్పేముందు నీటిదారి చూడండి

ప్రత్తిపాడు: మిరప చేను పూత, పిందె మీద ఉన్నప్పుడు తడి ఆలస్యమైతే పూత రాలిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే గట్టు మీద పెట్టిన ఆయిలింజను మొరాయిస్తుంది. హెడ్డు మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. కింద బ్లాకు మాత్రం చల్లగానే ఉంటుంది. పైపులో నుంచి నీళ్లు పడుతూనే ఉంటాయి. ‘నీళ్లు వస్తున్నాయి గదా, మరి కాలటమేంటి?’ అని రైతు తల పట్టుకుంటాడు. మెకానిక్కు వచ్చి హెడ్డు విప్పుతాడు. ఒక రోజు పని పోతుంది, గ్యాస్కెట్ ఖర్చు మీద పడుతుంది. తీరా చూస్తే తప్పు హెడ్డులో ఉండదు, ఎక్కడో సన్నపైపులో ఉంటుంది.

కరెంటు మోటార్లు ఎంత పెరిగినా, లైను లేని చోట నల్లమడ వాగు నుంచో, కాలవ నుంచో, కుంట నుంచో నీళ్లు తోడుకునే చిన్న రైతుకు ఆయిలింజనే దిక్కు. కాబట్టి రెంచి పట్టేముందు వేడి ఎక్కడుంది, ఎందుకుంది అని రైతే తెలుసుకోవటం మంచిది. దీనికి పావుగంట చాలు.

వేడి ఎటు పోతుంది?

ఇంజనులో కాలిన డీజిలు శక్తిలో సుమారు మూడో వంతే పంపును తిప్పుతుంది. మరో మూడో వంతు సైలెన్సర్ గుండా పొగతో పోతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగాన్ని సిలిండరు చుట్టూ తిరిగే నీరు మోసుకుపోవాలి. మన ఇంజన్లలో చాలావాటికి పంపు తోడిన నీటిలో నుంచే ఒక సన్నపైపు తీసి బ్లాకులోకి పెడతారు. ఆ నీరు కింద నుంచి పైకి ఎక్కి, హెడ్డు చుట్టి బయట పడుతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా ఆ పైన వేడి పెరుగుతుంది. కాలుతున్న చోటే తప్పు ఉందనుకోవటం పొరపాటు.

అయిదు చోట్ల చెయ్యి పెట్టండి

ఇంజను లోడు మీద అరగంట నడిచాక చూడాలి. ముందు వేళ్ల వెనక వైపు తాకించి, ఆ తరువాతే అరచెయ్యి పెట్టాలి. పంచె, తువ్వాలు, చొక్కా చేతులు బెల్టుకు, కప్లింగుకు దూరంగా ఉండాలి. వరుస ఇది: నీరు లోపలికి పోయే పైపు, బ్లాకు అడుగు, బ్లాకు పైభాగం, హెడ్డు, నీరు బయటకు వచ్చే పైపు.

కింద నుంచి పైకి వేడి క్రమంగా పెరగాలి. బయటకు వచ్చే నీరు బాగా వెచ్చగా ఉండి, చెయ్యి కాసేపు ఓర్చుకోగలిగితే సరి. చెయ్యి పెట్టలేకపోతే 60 డిగ్రీలు దాటినట్టే. నీరు తిరిగే భాగాల మీద నాలుగు చుక్కలు చల్లినప్పుడు చుయ్యిమని ఆవిరైతే అక్కడ 100 డిగ్రీలు దాటింది. అది ప్రమాదం. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, అది 42 డిగ్రీల వరకే చూపిస్తుంది. 100 డిగ్రీల దాకా ఉండే గాజు థర్మామీటరు దొరికితే పనికొస్తుంది.

లక్షణాన్ని బట్టి కారణం

నీరు సన్నగా, సలసల కాగుతూ వస్తుంటే: లోపలికి సరిపడా నీరు పోవటం లేదు. సన్నపైపులో ఒండ్రు, ఫుట్‌వాల్వు జాలీకి చెత్త, పంపు గ్లాండు దగ్గర గాలి లాగటం, ఈ మూడూ చూడాలి. వాగులో మట్టం తగ్గి ఫుట్‌వాల్వు బురదలో దిగితే పంపుతో పాటు ఇంజనూ దెబ్బతింటుంది.

నీరు దండిగా, గోరువెచ్చగా వస్తూ హెడ్డు మాత్రం కాలుతుంటే: నీరు ఉంది గాని వేడిని అందుకోవటం లేదు. లోపలి గోడకు సున్నం పొర కట్టి ఉంటుంది. ఉప్పు, సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు వాడే చోట ఇది మామూలే. ఒక మిల్లీమీటరు పొర, అంగుళం మందం ఇనుము కన్నా ఎక్కువగా వేడిని ఆపుతుంది.

బ్లాకు అడుగున ఒక పక్క మాత్రమే కాలుతుంటే: ఆ మూల బురద పేరుకుంది. నీరు దాన్ని తప్పించుకుని పక్క నుంచి పోతోంది.

హెడ్డులో ఒక వైపే కాలుతుంటే: ఇంజను ఒరిగి ఉందేమో చూడండి. గట్టు వాలుకు పెడితే పై మూలలో గాలి నిలుస్తుంది. గాలి ఉన్న చోటికి నీరు చేరదు. చదును చేసి పెడితే పైసా ఖర్చు లేకుండా పోయే జబ్బు ఇది. కొత్త గ్యాస్కెట్ వేసిన తరువాతే ఈ బాధ మొదలైతే, దాని నీటి బెజ్జాలు బ్లాకు బెజ్జాలతో కలిశాయో లేదో మెకానిక్కుతో చూపించాలి.

బయటపడే నీటిలో ఆగకుండా బుడగలు వస్తుంటే: ముందు పంపు గాలి లాగటం లేదని తేల్చుకోవాలి. ఆ తరువాత కూడా బుడగలు ఆగకపోతే గ్యాస్కెట్ పోయి ఉండాలి, లేదా హెడ్డు పగిలి ఉండాలి. అప్పుడు మాత్రం హెడ్డు విప్పక తప్పదు.

డ్రమ్ము నీటితో నడిచే ఇంజనైతే, డ్రమ్ములో నీరు పై పైపు మూతి కన్నా ఎప్పుడూ ఎత్తులో ఉండాలి. అంతకంటే దిగితే నీరు తిరగటం ఆగిపోతుంది.

రెండు సిలిండర్ల ఇంజనులో

ఒక సిలిండరు కాలుతూ, రెండోది చల్లగా ఉంటే అందరూ కాలేదాన్నే అనుమానిస్తారు. చల్లగా ఉన్నదే దొంగ కావచ్చు. దానిలో నాజిల్ సరిగా పనిచేయకపోతే డీజిలు కాలదు, దాని బరువు రెండో సిలిండరు మీద పడుతుంది. ఇంజను వేసిన కొద్ది నిమిషాలకే రెండు పొగ గొట్టాల మొదళ్ల మీద నీటి చుక్కలు చల్లండి. ఏది ఆలస్యంగా వేడెక్కుతుందో ఆ సిలిండరు బలహీనం. రెండూ ఒకేలా వేడెక్కి, నీరు మాత్రం ఒకదానికే బాగా పోతుంటే తప్పు నీటి గొట్టంలో ఉంది.

బకెట్ లెక్క

5 హెచ్‌పి ఇంజను నిండు లోడు మీద గంటకు సుమారు లీటరు డీజిలు తాగుతుంది. దాని వేడిని మోసే నీరు లోపలికి పోయినప్పటి కన్నా 20 డిగ్రీలు పెరిగి బయటకు రావాలంటే నిమిషానికి రెండున్నర లీటర్లు కావాలి. అంటే 10 లీటర్ల బకెట్ నాలుగు నిమిషాల్లో నిండాలి. ఆరు నిమిషాలు పడితే నీరు 30 డిగ్రీల దాకా పెరుగుతుంది. పది నిమిషాలు దాటితే జాగ్రత్త పడాలి. ఇంజను బాగున్న రోజున ఈ లెక్క చూసి షెడ్డు గోడ మీద రాసుకుంటే, తేడా వచ్చిన రోజే తెలుస్తుంది.

నీరు మరీ ఎక్కువగా వదలటం కూడా మంచిది కాదు. సిలిండరు బాగా చల్లబడితే డీజిలు సరిగా కాలదు. కాలని డీజిలు ఇంజనాయిలులో కలుస్తుంది, బోరు త్వరగా అరుగుతుంది. లోపలికి పోయే పైపుకు ఉన్న కాక్ తిప్పి సరిచూసుకోవాలి.

సముద్రం మీదా ఇదే సూత్రం

నిజాంపట్నం, సూర్యలంక తీరాల్లో వేటకు పోయే పడవల వెనక తగిలించే ఇంజన్లు సముద్రపు నీటినే పైకి లాగి, సిలిండర్ల చుట్టూ తిప్పి, సన్న ధారగా బయటకు చిమ్ముతాయి. ఆ ధార సన్నగిల్లితే ఇంజను ఆపాల్సిందే. ఉప్పు పేరుకోకుండా, వాడిన తరువాత మంచినీళ్లతో లోపలంతా కడగాలి. ఒండ్రు నీళ్లు తోడే మన ఇంజనుకూ ఈ కడుగుడు అలవాటు చేయాలి.

ఏం చేయాలి?

పంట కాలంలో నెలకోసారి, ఇంజను చల్లారాక బ్లాకు అడుగున ఉన్న బిరడా తీసి బురద వదలాలి. పైనుంచి నీళ్లు ఎదురు పట్టి, తేటగా వచ్చేదాకా కడగాలి. సన్నపైపును తీగతో పొడిచి శుభ్రం చేసి, దాని మూతికి జాలీ పెట్టాలి. సున్నం పొర గట్టిపడితే యాసిడ్ పని సొంతంగా చేయవద్దు. చేతులు కాలటమే గాక ఇనుమూ తినేస్తుంది. తెలిసిన మెకానిక్కుకే అప్పగించాలి.

ఏం చేయకూడదు?

కాలుతున్న హెడ్డు మీద చన్నీళ్లు పోయకూడదు, పగులుతుంది. వేడెక్కినా నీరు వస్తూనే ఉంటే లోడు తగ్గించి, కొద్దిసేపు నెమ్మదిగా నడిపి ఆపాలి. నీరు పూర్తిగా ఆగితే మాత్రం వెంటనే ఆపి, దానంతటది చల్లారనివ్వాలి. ‘ఈ ఒక్క మడి తడిపి ఆపుదాం’ అనుకుంటే పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు ఆగేది ఒక్క మడి కాదు, చేనంతా.