ఏపీయూ: పెద్ద ఇంజిన్‌కు తోడు చిన్న ఇంజిన్

రైల్వే డీజిల్ పొదుపు వార్తల్లో కనిపించే మాట 'ఏపీయూ'. ఆగ్జిలరీ పవర్ యూనిట్ అన్నమాట. డీజిల్ లోకోలో అమర్చే చిన్న సహాయక ఇంజిన్ ఇది.

పాకాల-ధర్మవరం లైనుకు కరెంటు తీగలు రాకముందు, మదనపల్లె రోడ్డు స్టేషన్లో ఆగిన బండిని గుర్తు చేసుకోండి. చక్రం కదలదు. ఇంజిన్ మాత్రం గుడగుడమంటూనే ఉంటుంది, పైన సన్నటి పొగ. ఆపేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ బ్రేకులకు గాలి ఒత్తిడి నిలవాలి, బ్యాటరీలు ఛార్జి కావాలి. పాత 16 సిలిండర్ల లోకోల్లో కంప్రెసర్‌ను తిప్పేది కూడా ఆ పెద్ద ఇంజినే. అది ఆగితే గాలి మెల్లగా దిగిపోతుంది.

ఏపీయూ ఉన్న లోకో 10 నిమిషాలకు మించి ఊరికే నిలబడితే పెద్ద ఇంజిన్ దానంతటదే ఆగుతుంది. 25 హార్స్‌పవర్ల చిన్న ఇంజిన్ ఆ రెండు పనులూ అందుకుంటుంది. రైల్వే లెక్కలో గంటకు 25 లీటర్లు తాగేచోట 3 లీటర్లే. ఆదా అయ్యేది ప్రజల డబ్బే. ప్లాట్‌ఫారం మీద బిడ్డను ఎత్తుకుని నిలబడ్డ తల్లికి పొగ, రొద కూడా తగ్గుతాయి.

కుప్పం మీదుగా వెళ్లే లైనులో కరెంటు ఇంజిన్లే కాబట్టి అక్కడ దీని అవసరం తక్కువ. డీజిల్ లోకోలు షంటింగ్‌లో నిలబడే గంటలే ఎక్కువ, ఏపీయూ అక్కరకొచ్చేది అక్కడే. బండిని లాగడం మాత్రం దాని పని కాదు.