ఇంటిలో ఒక చిన్న సముద్రం

సముద్రాన్ని చూసి ఆనందించినవారు మీలో చాలామంది ఉంటారు. దానిని ఇంటికి తెచ్చుకోవాలని కోరుకున్నవారు మాత్రం కొద్దిమందే ఉంటారు. ఆ కొద్దిమందిలో నేనొకడిని. మా ఇల్లు చెన్నై నగరంలోని చింతాద్రిపేటలో ఉంది. 2016 జనవరిలో మా ముందు గదిలో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టిని పెట్టి, అందులో ఉప్పునీటి చేపలను పెంచడం మొదలుపెట్టాను. మా అవ్వ దానిని చూసి, "ముప్పావుగంట నడిస్తే సముద్రమే ఉంది కదా నాయనా! దాన్ని గాజుపెట్టెలో పోసి పెట్టుకోవడమెందుకు?" అని అడిగింది. అప్పుడు నా దగ్గర సరైన సమాధానం లేదు.

ఈ కోరిక నాకు మాత్రమే కలిగింది కాదు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూడడానికి చేపల గృహాన్ని తెరిచారు. మన మద్రాసులో 1909లో ఎడ్గార్ థర్స్టన్ అనే అధికారి పూనికతో మెరీనా తీరాన సముద్రజీవుల ప్రదర్శనశాల వెలసింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అది మూతపడింది. మా అవ్వ తండ్రి చిన్నతనంలో దానిని చూశాడట. "గోడలో సముద్రం ఉండేదని మా నాయన చెప్పేవాడు" అని అవ్వ ఒకటి రెండుసార్లు అన్నది.

ఉప్పునీరు అంటే ఉప్పు కలిపిన నీరే కదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం మనం వంటలో వాడే ఉప్పే. కాని దానితోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం మొదలైనవి కూడా ఉంటాయి. లీటరుకు కాల్షియం 400 మిల్లీగ్రాములకు పైగా, మెగ్నీషియం 1300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. వంట ఉప్పు కలిపితే ఇవి రావు. పోనీ, మెరీనాకు వెళ్ళి నాలుగు బిందెల నీళ్ళు తెచ్చుకోవచ్చు కదా? నగరపు మురుగు కలిసే తీరంలో నీరు ఒకనాడు ఉన్నట్లు మరొకనాడు ఉండదు. అందుచేత ఇళ్ళలో చేపలను పెంచేవారు అన్ని లవణాలు కలిపి తయారుచేసిన పొడిని కొని, శుద్ధిచేసిన మంచినీటిలో కరిగిస్తారు.

నీరు సిద్ధం కాగానే చేపలను వదలకూడదు. చేప విసర్జించిన దానినుండి, అది తినగా మిగిలిన మేతనుండి అమోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఒక రకం బాక్టీరియా అమోనియాను నైట్రైటుగా మారుస్తుంది. అదికూడా హానికరమే. మరొక రకం బాక్టీరియా నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. దీనివల్ల హాని తక్కువ. వారానికొకసారి పదోవంతు నీటిని తీసి కొత్త నీటిని పోస్తే నైట్రేటు పేరుకోకుండా ఉంటుంది. ఈ బాక్టీరియా రాళ్ళమీద, ఇసుకలో స్థిరపడి సరిపడినంతగా పెరగడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. వాటికి ఆహారంగా నేను ఒక పచ్చి రొయ్యను తొట్టిలో వేసి కుళ్ళబెట్టాను. చేపలు లేని తొట్టిలో రొయ్యను కుళ్ళబెట్టి, రోజూ దానిని పరీక్షిస్తున్న మనుమణ్ణి చూసి అవ్వ ఏమనుకున్నదో చెప్పనక్కరలేదు.

ఇక్కడ పగడాల మాట ఒకటి చెప్పాలి. అనేక దేశాలలో ఇటువంటి తొట్టెలలో సజీవమైన పగడాలను పెంచుతారు. పగడం చూడడానికి రాయిలా, చెట్టులా ఉంటుంది కాని అది జంతువు. దాని ఒంటిలో కంటికి కనిపించని నాచు ఉంటుంది. ఆ నాచు ఎండలో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. నీరు మామూలుకన్న ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి, కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఆ నాచును బయటకు వెళ్ళగొట్టి తెల్లబారిపోతుంది. 1998లో, 2010లో, 2016లో మన్నారు సింధుశాఖలోని పగడపు దిబ్బలకు ఇదే జరిగింది. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలను, సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని సముద్రంనుండి తీయడం, అమ్మడం నేరం. కాబట్టి మా తొట్టిలో పగడాలు లేవు, పగడపు రాళ్ళు కూడా లేవు. సన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మలను పేర్చాను. చేపలనైనా సముద్రంలో పట్టినవి కాకుండా, కేంద్రాలలో పొదిగించి పెంచినవి కొన్నాను. నారింజరంగు ఒంటిమీద మూడు తెల్లని చారలున్న క్లౌన్ చేపలు రెండు, నీలి డామ్‌సెల్ చేపలు మూడు, ఎర్రచారల రొయ్యలు రెండు. ఇవే మా సముద్రపు ప్రజలు.

మొదటి దెబ్బ మే నెలలో తగిలింది. ఎండలకు తొట్టిలోని నీరు 31 డిగ్రీలకు చేరింది. నీటి పైభాగానికి ఎదురుగా చిన్న ఫ్యాను పెట్టాను. నీరు ఆవిరి అవుతూ వేడిని తీసుకుపోతుంది కాబట్టి రెండు డిగ్రీలు తగ్గింది. ఆవిరయిన నీటికి బదులుగా రోజుకొక లీటరు ఉప్పునీరు పోస్తూ వచ్చాను. పది రోజుల తరువాత రొయ్యలు రెండూ చనిపోయాయి. చేపలు ఆయాసపడుతున్నాయి. కారణం ఏమై ఉంటుంది? మీరే లెక్కవేయండి. తొట్టిలో ఉన్న నీరు 50 లీటర్లు. లీటరుకు 35 గ్రాముల చొప్పున అందులోని లవణం 1750 గ్రాములు. నీరు ఆవిరి అవుతుంది కాని లవణం ఆవిరి కాదు. పది రోజులలో నేను అదనంగా పోసిన లవణం 350 గ్రాములు. అంటే లీటరుకు 42 గ్రాములు! ఉప్పు పండించే మడులలో జరిగేదే మా ముందు గదిలో జరిగింది. చేప తన ఒంటిలోని ఉప్పును కొంతవరకు అదుపు చేసుకోగలదు. రొయ్యలకు ఆ శక్తి చాలదు. అందువల్ల అవి ముందుగా పోయాయి. ఆవిరయిన నీటికి బదులు మంచినీరే పోయాలి. ఆనాడే హైడ్రోమీటరు కొన్నాను. నీరు 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు ఆ పరికరం 1.025, 1.026 మధ్య చూపితే ఉప్పు సరిగా ఉన్నట్లు.

రెండవ దెబ్బ అంత చిన్నది కాదు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై దగ్గర తీరం దాటింది. నగరంలో వేలాది చెట్లు కూలాయి. మా వీధిలో మూడు రోజులు కరెంటు లేదు. పంపులు ఆగిపోగానే నీటికి కదలిక లేకుండా పోయింది. కదలని నీటిలోకి గాలిలోని ప్రాణవాయువు చాలా నెమ్మదిగా చేరుతుంది. పైగా, 25 డిగ్రీల దగ్గర ఒక లీటరు మంచినీటిలో 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు ఇముడుతుంది. అదే ఉప్పునీటిలో 7 మిల్లీగ్రాములు కూడా ఇమడదు. చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి.

మాకు తోచిన ఉపాయం ఒకటే. చెంబుతో నీటిని ముంచి, జానెడు ఎత్తునుండి తిరిగి తొట్టిలోకే పోయడం. పడే నీరు గాలిని వెంట తీసుకుపోతుంది. అమ్మ, నేను, తమ్ముడు వంతులవారీగా కూర్చున్నాము. రాత్రి రెండు గంటలకు నాకు కునుకుపట్టి, మళ్ళీ మెలకువ వచ్చేసరికి అవ్వ కొవ్వొత్తి పక్కన పీటమీద కూర్చుని చెంబుతో నీళ్ళు పోస్తున్నది. "నువ్వు పడుకో. నాకెలాగూ నిద్ర రాదు" అన్నది. మేత వేయడం మానుకున్నాము. తిన్న చేపకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి, మిగిలిన మేత కుళ్ళితే ఉన్నదీ పోతుంది. మూడవనాటి సాయంత్రానికి అయిదు చేపలూ బ్రతికే ఉన్నాయి.

ఏడు గంటలకు కరెంటు వచ్చింది. అందరమూ కేకలు వేశాము. నేను పరుగున వెళ్ళి మీటలన్నీ నొక్కాను. ఆ తొందరే మమ్మల్ని ముంచింది.

మా తొట్టికి ఉన్న ఫిల్టరు మూత బిగించిన డబ్బా. దాని లోపలి స్పంజీలలో కోటానుకోట్ల బాక్టీరియా ఉంటుంది. నీరు పారుతున్నంతసేపు వాటికి ప్రాణవాయువు అందుతుంది. పారుదల ఆగిన కొద్ది గంటలకే ఆ డబ్బాలోని ప్రాణవాయువు అయిపోతుంది. మేలుచేసే బాక్టీరియా చచ్చి కుళ్ళుతుంది. ప్రాణవాయువు అక్కరలేని వేరే బాక్టీరియా పెరిగి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఉండే హైడ్రోజన్ సల్ఫైడు అనే విషవాయువును విడుస్తుంది. మూడు రోజులు మురిగిన ఆ నీటినంతా నేను ఒక్క మీట నొక్కి తొట్టిలోకి పంపాను. గదిలో వాసన రాగానే విషయం తెలిసింది కాని అప్పటికే ఆలస్యమయింది. తెల్లవారేసరికి మూడు డామ్‌సెల్ చేపలు, క్లౌన్ చేపలలో పెద్దది చనిపోయాయి. డబ్బా విప్పి, స్పంజీలు కడిగి, ఆ నీటిని పారబోసిన తరువాతనే దానిని నడపవలసింది. మూడు రాత్రులు చెంబుతో నిలబెట్టిన ప్రాణాలు ఒక్క నిమిషంలో పోయాయి. ఆ పని గాలివాన చేసింది కాదు, నేను చేసింది. ఈ మాట వ్రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

తొట్టిని అమ్మివేద్దామనుకున్నాను. అవ్వ ఒప్పుకోలేదు. "ఒకటి మిగిలింది కదా! దానినేమి చేస్తావు?" అన్నది.

మిగిలిన ఆ చిన్న క్లౌన్ చేప మగది. ఈ జాతిలో ఒక వింత ఉంది. పిల్లలన్నీ పెరిగి మొదట మగవే అవుతాయి. గుంపులో అన్నిటికన్న పెద్దది ఆడదిగా మారుతుంది. ఆ ఆడచేప చనిపోతే, దాని జంటగా ఉన్న మగచేప కొద్ది నెలలలో పెరిగి ఆడదవుతుంది. మళ్ళీ మగదిగా మారదు. 2017 మార్చిలో దానికి తోడుగా మరొక చిన్న చేపను తెచ్చాము. మొదట రెండు రోజులు తరిమినా, తరువాత పక్కన చేరనిచ్చింది.

అదే సమయంలో పెద్ద తొట్టి కట్టించాను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఇందులో 255 లీటర్ల నీరు పడుతుంది. పాత తొట్టికన్న నాలుగున్నర రెట్లు. పెద్ద తొట్టి పెట్టడం ఆడంబరం కాదు. నీరు ఎంత ఎక్కువగా ఉంటే మన పొరపాటు అంత పలచబడుతుంది. 50 లీటర్లలో ఒక చేప చచ్చి కుళ్ళితే మిగిలినవాటికి ప్రమాదం. 250 లీటర్లలో దానిని గమనించి తీసివేయడానికి వ్యవధి ఉంటుంది. అయితే ఒక్క నీటి బరువే 260 కిలోలు. అందుకని మేస్త్రీని పిలిచి చూపించి, దూలంమీద బరువు పడేటట్లు గోడవార పెట్టాము.

మూత బిగించిన డబ్బాకు స్వస్తి చెప్పాను. దాని బదులు తొట్టి కిందనే మరొక తెరిచిన తొట్టి ఉంది. దానిని సంపు అంటారు. పై తొట్టి అంచు దాటి పొర్లిన నీరు అందులోకి దిగుతుంది. అక్కడ రాళ్ళమధ్య పారి, పంపు ద్వారా తిరిగి పైకి వెళుతుంది. తెరిచి ఉన్నందువల్ల కరెంటు పోయినా అది అంత త్వరగా మురగదు. సంపులో ప్రొటీన్ స్కిమ్మర్ అనే గొట్టం కూడా ఉంది. అది సన్నని గాలిబుడగలను నీటిలోకి వదులుతుంది. నీటిలోని మలినాలు బుడగలకు అంటుకుని నురుగుగా పైకి తేలి, ఒక గిన్నెలో పడతాయి. సముద్రపు ఒడ్డున అలలు కక్కే నురుగును మీరు చూసే ఉంటారు. ఇదీ అటువంటిదే. ఆ గిన్నెను కడిగే పని మాత్రం మా ఇంట్లో ఎవరూ సంతోషంగా చేయరు.

ఇంత చేసినా 2017 ఆగస్టులో మరొక పొరపాటు జరిగింది. కొత్తగా కొన్న డామ్‌సెల్ చేపను నేరుగా తొట్టిలో వదిలాను. వారం తిరగకుండా చేపల ఒంటిమీద ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు వచ్చాయి. ఇది ఒక పరాన్నజీవి వల్ల కలిగే రోగం. ఆ జీవి కొన్ని రోజులు చేప చర్మంలో దాగి, తరువాత రాలి, అడుగున గట్టి గూడు కట్టుకుంటుంది. గూడు పగిలి వందల పిల్లలు ఈదుతూ వచ్చి చేపలను వెతుక్కుంటాయి. ఒకటి రెండు రోజులలో చేప దొరకకపోతే అవి చస్తాయి. ఈదే దశలోనే మందు వాటిమీద పనిచేస్తుంది. ఆ మందులో రాగి ఉంటుంది. రాగి రొయ్యలను, నత్తలను చంపుతుంది. కాబట్టి చేపలను మాత్రం పాత చిన్న తొట్టిలోకి మార్చి మందు వేశాను. పెద్ద తొట్టిని చేపలు లేకుండా రెండున్నర నెలలు ఉంచాను. ఈసారి ఒక్క ప్రాణమూ పోలేదు. అప్పటినుండి కొత్త చేప ఏది వచ్చినా నెలరోజులు చిన్న తొట్టిలో విడిగా ఉండవలసిందే.

2023 డిసెంబరు మొదటివారంలో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో మళ్ళీ రెండు రోజులు కరెంటు లేదు. మొదటి రోజంతా ఒక పంపు ఇన్వర్టరుమీద నడిచింది. ఆ తరువాత బ్యాటరీతో నడిచే చిన్న గాలి యంత్రాలు రెండింటిని పెట్టాము. కరెంటు వచ్చిన తరువాత నేను మీటల దగ్గరకు పోలేదు. ముందు సంపులో చేయి పెట్టి, నీటిని వాసన చూసి, స్కిమ్మరును కడిగి, అప్పుడు ఒక్కొక్కటిగా నడిపాను. చేపలన్నీ బ్రతికాయి.

వర్దాలో మిగిలిన ఆ చేప ఇప్పుడు మా తొట్టిలో అన్నిటికన్న పెద్దది. మూలనున్న మట్టి కుండ పెంకుమీద గుడ్లు పెడుతుంది. మగచేప వాటిని రెక్కలతో విసురుతూ కావలి కాస్తుంది. వారం రోజులకు, దీపం ఆర్పిన తరువాత, గుడ్లు పగిలి పిల్లలు బయటకు వస్తాయి. ఆ పిల్లలకు మొదటి రోజులలో రోటిఫర్ అనే అతి సూక్ష్మమైన జీవులే ఆహారం. మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రంలో వాటిని పెంచి, క్లౌన్ పిల్లలను పెద్దచేసే పద్ధతిని శాస్త్రజ్ఞులు రూపొందించారు. మా ఇంట్లో ఇంతవరకు ఒక్క పిల్ల కూడా నాలుగు రోజులు దాటలేదు. ఈసారి గుడ్లు కనబడగానే రోటిఫర్ల కోసం మేడమీద రెండు బకెట్లు పెట్టాను. నీరు పచ్చబడుతున్నదో లేదో చూసి చెప్పడం అవ్వ పని.